కండ్లు తెరిచిన కాయ

దసరా దగ్గర పడుతుంటే కరీంనగర్–జగిత్యాల రోడ్డు మీద, కొండగట్టుకు మళ్లే చోట సీతాఫలాల గంపలు దిగుతాయి. వెన్నలాంటి గుజ్జు కోసం అవకాడో కొనేవాళ్లను చూస్తే నాకు ముందు ఈ గంపలే గుర్తొస్తాయి. రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే, రెండూ తెంపాక ఇంట్లో మాగేవే.

తేడా లోపల ఉంది. 100 గ్రాముల అవకాడోలో దాదాపు 15 గ్రాముల కొవ్వు, అదీ ఎక్కువగా గుండెకు మంచి చేసే రకం. తీపి నామమాత్రం. సీతాఫలంలో కొవ్వు లేనట్టే, చక్కెర మాత్రం దండిగా. షుగరున్న మా బాపుకు సగం పండే ఇస్తాం. మిగతా సగం ఎక్కడ దాచినా ఆయన కనిపెడతాడు, అది వేరే సంగతి.

సీతాఫలం కొనేటప్పుడు నేను తోలు మీది బుడిపెలు, అంటే కండ్లే చూస్తా. వాటి మధ్య గీతలు వెడల్పై లేత పసుపు తేలితే కాయ పక్వానికొచ్చినట్టు. "కండ్లు తెరిచినయే ఏరిన బిడ్డా" అంటుంది గంప దగ్గరి అవ్వ. అయినా ఒక్కోటి తిప్పి చూడందే తీసుకోను. బియ్యం డబ్బాలో పెడితే రెండు మూడు రోజుల్లో మాగుతాయి. గింజలు కొరకొద్దు, వాటి పొడి కంట్లో పడితే ప్రమాదం.

అన్నట్టు, కొండగట్టు గుడికి పోయేవాళ్లయితే దర్శనం అయ్యాకే కొనండి. సంచితో గుట్టెక్కితే కోతులు ఊరుకోవు.