నవలాపఠనమున వయఃక్రమము

ఏ వయస్సువారి కే నవలను జదువ నీయవలయు నను ప్రశ్నమునకుఁ దఱచుగాఁ గాలక్రమమే యుత్తరముగాఁ జెప్పఁబడుచుండును. తొలుతఁ బుట్టిన గ్రంథమును దొలుతఁ జదివింపవలయు నని దీని తాత్పర్యము. ఇది వాఙ్మయచరిత్రమునకుఁ దగిన పద్ధతియే కాని బాలుని యభిరుచిని బెంపొందించునది కాదు. గ్రంథము పుట్టిన కాలము వేఱు. దాని నందుకొనఁగల ప్రాయము వేఱు.

కందుకూరి వీరేశలింగముపంతులుగారి రాజశేఖరచరిత్రము దీనికి నిదర్శనము. 1878లో వివేకవర్ధనియందు వెలువడ నారంభించి, 1880లో గ్రంథరూపము దాల్చి, తెలుఁగున నవలకుఁ బ్రతిష్ఠ గూర్చినది. ముఖస్తుతులకు లోఁబడి, స్వర్ణవిద్యను నమ్మి, కలిమినెల్లఁ గోల్పోయిన గృహస్థుని కథ యిది. సంసారభార మెఱుఁగని పండ్రెండేండ్ల బాలునకు దీనిలోని వెత పట్టదు, భాషయు నడ్డుపడును. నవలలన్నియు నిట్టివే యని యాతఁడు తలఁచెనేని, యా తలఁపును మాన్పుట కష్టము. ముప్పది దాఁటిన గృహస్థునకో, యందలి చిక్కులన్నియుఁ బరిచితములే.

బాలునకు మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిస్టరు పార్వతీశము ప్రథమభాగము తగును. మొగలితుఱ్ఱు విడిచి సీమకుఁ బయనమైన యువకుని యమాయకత్వము నవ్వించును. వాడుకభాష చదువును బరుగెత్తించును. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి గణపతియు నట్టిదే. కాని దానియందు రెండంతరువులు గలవు. బాలుఁడు మూర్ఖుని చేష్టలకు నవ్వును. పెద్దవాఁడు గారాబమును విద్యాహీనతయు మనుష్యునిఁ జెఱచిన తీరును గాంచును. కావున దానిని రెండు వయస్సులవారికిని సూచింపవచ్చును.

పదునైదేండ్లవారికిఁ జారిత్రకనవలలు హితములు. నన్నయ పద్యములను వల్లించియు నా కాల మెఱుఁగని విద్యార్థికి నోరి నరసింహశాస్త్రిగారి నారాయణభట్టు రాజరాజనరేంద్రుని యాస్థానమును గన్నులఁ గట్టించును. కాకతీయకాలమునకు అడివి బాపిరాజుగారి గోన గన్నారెడ్డి గలదు.

ఇరువదేండ్లు నిండినవారికి ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లిని, విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలును జంటగా నీయవలయును. మొదటిది 1922లో వెలువడి, మద్రాసు ప్రభుత్వముచే నిషేధింపఁబడినది. అస్పృశ్యతను, కూలివాని దైన్యమును జూపి మార్పును గోరును. రెండవది 1934లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తు బహుమానమును బాపిరాజుగారి నారాయణరావుతోఁ బంచుకొన్నది. శిథిలమగుచున్న ప్రాఁతవ్యవస్థకై వగచును. ఒక్కదానినే చదివిన యువకుఁడు దాని పక్షమునే లోకమని భ్రమించును. రెండింటిని జదివినవాఁడు తానుగా విచారింప నేర్చును.

బుచ్చిబాబు చివరకు మిగిలేది యంతకుఁ బిదప. తల్లిపై వచ్చిన యపవాదు కొడుకు దయానిధిని వెన్నాడుట యందలి కథ. జీవితమున కర్థమేమను ప్రశ్నము తనలోఁ బుట్టనివానికి దాని విలువ గోచరింపదు.

ఈ యేండ్లలెక్క యంచనా మాత్రమే. ప్రాయమునకు మించిన గ్రంథమును దానుగాఁ గోరిన విద్యార్థిని వారింపరాదు. ఎవ్వరి కే నవల తగునో నిర్ణయించునపుడు గ్రంథమున కెంత కీర్తి గల దని కాక, చదువరి కెంత యనుభవము గల దని విచారించుటయే యుపాధ్యాయుని పని.