పసిబిడ్డల అంగీలు - ఇంటికుట్టు

మన యిండ్లలో బిడ్డ పుట్టినప్పుడు ఆడువారు మొదట వెదకునది క్రొత్తబట్ట కాదు, పాతబట్ట. మొయినాబాదు, చేవెళ్ళ ప్రాంతమునందలి మా ఎంకపల్లిలో నేటికిని అంతే. హైదరాబాదునకు బస్సులో పోయి సాయంకాలమునకు తిరిగి రాదగినంత దగ్గరలో నున్నను, అచటి దుకాణములలో పసివారి దుస్తులు రాసులుగా పోసియున్నను, పురిటియింట ముసలమ్మలు పెట్టె తెరచి నాయనమ్మ కట్టి విడిచిన నూలుచీరయో, తాతగారి ధోవతియో వెలికి తీయుదురు. అట్టి పెద్దల యాయువు బిడ్డకు వచ్చునని వారి నమ్మకము. నమ్మకము సంగతి యెట్లున్నను, పనిలో మాత్రము మంచి తెలివి గలదు. ఏండ్ల తరబడి ఉతికిన నూలుబట్టలో గంజి యుండదు, బిరుసుతన ముండదు. రంగు పోవలసినదంతయు పోయియుండును. చెమటను వెంటనే పీల్చును. క్రొత్తబట్ట కెన్ని ఉతుకులు వేసినను ఆ మెత్తదనము త్వరగా రాదు.

అయితే పాతబట్ట యనగా మురికిబట్ట కాదు. అటకమీది మూటలోనుండి తీసినది తీసినట్లు బిడ్డకు చుట్టుట మేము పలుచోట్ల చూచితిమి. అది తప్పు. వేడినీట మరుగబెట్టి, సబ్బు ఏమాత్రమును మిగులకుండ జాడించి, మంచి యెండలో ఆరవేసి, ఆ తరువాతనే వాడవలెను. చుట్టుటలోను ఒక మాట. కాళ్ళు రెండును సాపుగా చాచి కట్టెవలె బిగించి చుట్టు అలవాటు కొన్ని యిండ్లలో గలదు. అట్లు బిగించిన బిడ్డల తుంటికీళ్ళు చెడు ప్రమాదము కలదని వైద్యులు హెచ్చరించుచున్నారు. పైన చేతులవరకు కొంత ఒదిగించినను, క్రింద కాళ్ళు కప్పకాళ్ళవలె మడుచుకొనుటకును తన్నుకొనుటకును చోటు విడువవలెను.

ఇక రెండవ ఆచారము. బిడ్డ పుట్టకమునుపు బట్టలు కుట్టరాదందురు. దీనిని గూర్చి మేము మా యింటి సంగతి యొకటి చెప్పక తప్పదు.

మా తల్లిగారు తొలిచూలుతో నున్నప్పుడు ఎవరికిని చెప్పక, మధ్యాహ్నములందు తలుపు మూసికొని, మల్లుగుడ్డతో ఆరు చిన్న అంగీలు కుట్టిరి. మెడచుట్టు ఆకుపచ్చ దారముతో తీగయు కుట్టిరట. బిడ్డ తొమ్మిదిదినములు బ్రదికెను. పరామర్శకు వచ్చినవారు మూటను చూచి, “ముందే కుట్టితివి గదమ్మా, అందుకే” అని యనిరి. ఆ మాట చెడుబుద్ధితో అన్నది కాకపోవచ్చును. కాని ఆమె ఆ తరువాత పదునాలుగేండ్లు సూది పట్టలేదు. మేము పుట్టినప్పుడు చలికాలమైనను మాకు ఒక్క కుట్టిన గుడ్డయైనను లేదు. తాతగారి ధోవతి ముక్కలతోనే ఆ చలి గడచెనని చెప్పుచుందురు.

ఆచారము ఎక్కడనుండి వచ్చెనో ఊహించుట కష్టము కాదు. పుట్టిన బిడ్డలలో ఎందరో ఏడాది నిండకమునుపే పోవుచుండిన కాలములో, ముందుగా కుట్టిపెట్టిన అంగీ తల్లి కంటబడి ఆమెను దహించును. ఆ కడుపుకోత లేకుండుటకు పెద్దలు కుట్టవద్దనిరి. కాలక్రమమున ఆ దయ మరుగుపడి నింద మిగిలెను. 2020వ సంవత్సరపు ప్రభుత్వ లెక్కల ప్రకారము తెలంగాణమున పుట్టిన ప్రతి 1000 మందిలో ఏడాదిలోపల పోయినవారు 21 మంది. దేశమునకంతకు 28 మంది. ఈ తగ్గుదల టీకాలవలన, ఆసుపత్రి పురుళ్ళవలన, మంచినీటివలన, తల్లిపాలను గూర్చిన తెలివివలన వచ్చినది గాని, కుట్టుపని మానుటవలన వచ్చినది కాదు. ఆచారమును పాటింపదలచిన యింట పాటింపుడు. ఉతికిన పాతబట్టలు సిద్ధముగా నుంచినను చాలును. కాని బిడ్డను పోగొట్టుకొన్న తల్లితో ఆ మాట మాత్రము ఏ సోదరియు అనకుండుగాక.

ఇక కత్తెర పట్టుదము.

పెద్దవారి రవికె కుట్టుట తెలిసినవారు పసివాని అంగీ యెంతపని యనుకొందురు. మేమును అట్లే యనుకొంటిమి. మా పెద్దబిడ్డకు ఆరవ మాసమున, ఛాతి కొలత సరిగా తీసి, మెడ గుండ్రముగా ముద్దుగా చేసి, అంచున సన్నని పట్టీ వేసి యొక అంగీ కుట్టితిమి. తొడుగబోగా తల సగములో చిక్కుకొనెను. బిడ్డ ఊపిరాడక కేకలు పెట్టెను. మా అత్తగారు పరుగున వచ్చి, వెనుకనుండి మెడ మొదలుకొని నాలుగు అంగుళములు కత్తెరతో చీల్చివేసి, “తల దూరని అంగీ యెందుకు కుట్టితివమ్మా!” అనిరి. ఆ చీల్చిన చీలికయే సరియైన కత్తిరింపని మాకు పిదప తెలిసినది.

కారణ మేమనగా, పసివాని తల వాని ఛాతికంటె చిన్నది కాదు. పుట్టినప్పుడు తలచుట్టు కొలత సుమారు 34, 35 సెంటీమీటర్లు, ఛాతి అంతకు కొంచెము తక్కువ. ఆరవ మాసమున తల 43 సెంటీమీటర్లు, అనగా 17 అంగుళములు. ఏడాదికి 46, అనగా 18 అంగుళములు. ఇంచుమించు ఏడాది నిండినప్పటికి గాని ఛాతి తలతో సమానము కాదు. కావున పసివాని అంగీకి మొదటి కొలత తలయే. టేపు లేనిచో ఒక దారము తలచుట్టు త్రిప్పి ముడివేసి యుంచుకొనవచ్చును; అంగీ మెడ తెరచినప్పుడు ఆ దారపు చుట్టు అందులోనుండి వదులుగా దూరవలెను.

ఆరునెలల బిడ్డకు మేము కత్తిరించు విధము చెప్పెదము. 36 అంగుళముల పన్నా గల గుడ్డ ముప్పాతిక గజము, అనగా 27 అంగుళములు, తీసికొనిన రెండంగీలు వచ్చును. ఇప్పుడు దుకాణములలో మీటరు లెక్క గనుక 70 సెంటీమీటర్లు అడుగుడు. కత్తిరింపకమునుపే గుడ్డను ఒక రాత్రి నీట నానబెట్టి ఆరవేయవలెను. నూలుగుడ్డ మొదటి ఉతుకున కుదియును. కుట్టిన తరువాత కుదిసినచో మన శ్రమ బూడిదలో పోసినట్లే. పైగా క్రొత్తగుడ్డకు మిల్లులో పట్టించిన మందులును గంజియును ఈ నానుడుతో చాలవరకు పోవును.

గుడ్డను నిలువున రెండుగా కోయగా 27 అంగుళముల పొడవు, 18 అంగుళముల వెడల్పు గల ముక్కలు రెండు వచ్చును. ఒక ముక్కను పొడవున సగమునకు మడువుడు. ఈ మడతయే భుజము. దానిని మరల వెడల్పున సగమునకు మడిచినచో నాలుగు పొరలై, 9 అంగుళముల వెడల్పు, పదుమూడున్నర అంగుళముల పొడవు ఉండును. రెండు మడతలును కలియు మూలయే మెడ నడుమ. అచటినుండి భుజపు మడతమీద రెండున్నర అంగుళములు, క్రిందికి ఒక అంగుళము గుర్తుంచి, గుండ్రముగా నాలుగు పొరలను కోయుడు. పిదప మడత విప్పి, ముందుభాగమును మాత్రము ఇంకొక అంగుళము లోతు చేయుడు. ఇట్లు కోసిన మెడ చుట్టుకొలత సుమారు 13 అంగుళములే. బిడ్డ తల 17. అందుచేత వెనుకభాగమున నడుమ నాలుగంగుళముల చీలిక కోయవలెను. చీలికకు రెండు ప్రక్కలు గనుక ఎనిమిది అంగుళములు కలిసి, 21 అగును. తల సుఖముగా దూరును. మా అత్తగారి కత్తెర నేర్పిన లెక్క యిదియే.

ఇక చేయి. నడుమ మడతనుండి దూరముగా నున్న అంచున, భుజమునుండి క్రిందికి ఐదంగుళములు గుర్తుంచి, అచటినుండి లోపలికి మూడంగుళములు పోవుడు. ఆ చోట చంక. అచటినుండి క్రింది అంచునకు కొంచెము వెలుపలికి వాలునట్లు గీచి కోయుడు. చంక మూలను చతురముగా కోయక గుండ్రముగా త్రిప్పవలెను. లేనిచో చేయి యెత్తినప్పుడు చిరుగును. ఈ కత్తిరింపున చేతికి వేరుముక్క అక్కరలేదు, భుజమున కుట్టులేదు. ప్రక్కలు రెండు మాత్రమే కుట్టవలెను. అరంగుళము చొప్పున లోపలికి వదలి కుట్టగా ఛాతిచుట్టు 22 అంగుళములు మిగులును. బిడ్డ ఛాతి 17 గనుక గాలియాడును. మొదటిసారి కుట్టువారు గుడ్డమీద ప్రయోగము చేయక, పాత వార్తాపత్రికమీద గీచి కత్తిరించి బిడ్డ వీపున ఆనించి చూచుకొనుట మేలు.

ఇంత చిన్నపనికి మిషను లేకున్నను లోపము లేదు. టాకా వేసికొని, పరుగుకుట్టు కుట్టి, మూడేసి అంగుళముల కొకసారి వెనుకకు ఒక కుట్టు వేసినచో గట్టిగానే నిలుచును. అంచులకు తురుపాయి. చంకక్రింద మిగిలిన ముక్కలను ఏటవాలుగా కోసి అతికినచో మెడకు పట్టీ వచ్చును. నెలల బిడ్డకు కుట్టునప్పుడు కుట్టుల మొరటువైపు లోపలికి పోనీయరాదు. ప్రక్కలను మొదట వెలుపలివైపున సన్నగా కుట్టి, అంచు దగ్గరగా కత్తిరించి, తిరుగవేసి మరల కుట్టినచో పీచు లోపలనే దాగును. అంత యోపిక లేనివారు అంగీని తిరుగవేసియే తొడుగుడు. కుట్టు పైకి కనబడినందున చుట్టములు నవ్వుదురేమో గాని బిడ్డ యేడువదు. పని ముగిసిన పిమ్మట సూదులను లెక్కపెట్టుకొనుట మాత్రము మరువరాదు.

మిషను గలవారిని మేము వలదనము. అమెరికా దేశమున ఐజాక్ సింగర్ తన కుట్టుయంత్రమునకు 1851లో హక్కుపత్రము పొందెను. యంత్రములయెడ అంత ప్రీతిలేని గాంధీమహాత్ముడు సయితము 1924లో మాటలసందర్భమున సింగరు యంత్రమును మినహాయించి, భార్య పడు శ్రమను చూడలేక చేసిన ప్రేమకార్యమని దానిని మెచ్చుకొనెను. మన పల్లెలలో నేడు మిషను గల యిల్లాలికి అది చిన్న జీవనాధారము గూడను. ఇరుగుపొరుగువారు అంగీలు కుట్టించుకొని, “ఇంటిలోని మనిషివే గదా” అని కూలి యెగవేయుట మేము చూచుచున్నాము. మేరవారి దుకాణమున బేరమాడక యిచ్చిన డబ్బు, పొరుగింటి ఆడుదాని కియ్యుటకు చేయి రాదేల?

గుండీలు, బొందులు వీనిని గూర్చి కొంచెము కఠినముగానే చెప్పవలెను. మెడచుట్టు నాడా దూర్చి బిగించు అంగీలు చూచుటకు అందముగా నుండును. కాని అది దేనికైనను తగులుకొనినచో బిడ్డకు ఉరి యగును. ఇట్టి మరణములు సంభవింపగా అమెరికా దేశపు వినియోగదారుల భద్రతాసంఘము పిల్లల దుస్తులకు మెడయొద్ద నాడాలు వలదని 1996లో సూచనలు వెలువరించెను. మన యూయెలలకును మంచపు కోళ్ళకును ఆ ప్రమాదమే వర్తించును. వెనుక చీలికకు ఒక్కొక్కటి జానెడు మించని మెత్తని గుడ్డబొందులు రెండు కుట్టి, ముడి వీపున పడునట్లు చేయుడు. నిదురించునప్పుడు అది కూడ వీపున ఒత్తుకొనుచున్నదేమో చూచుచుండుడు. గుండీలు, పూసలు, తళుకుబిళ్ళలు, గజ్జెలు ఏడాదిలోపు వద్దేవద్దు. పసివాని చేతి కందినది నోటికి పోవును. నోటికి పోయినది గొంతున పడుటకు ఎంతసేపు?

గుడ్డలలో మల్లు, పాతచీర, ఉతికి మెత్తబడిన ఖద్దరు మంచివి. శ్రీకాకుళపు పొందూరులో వాలుగచేప దవడపంటితో దూదిని దువ్వి వడకు సన్నఖద్దరు ఎంత మృదువో వాడినవారికి తెలియును. కాని దాని వెల పసివాని అంగీకి తగదు. మా పొలములలో ప్రత్తి పండుచుండగా మా బిడ్డలు మాత్రము ప్లాస్టికు నూలుబట్టలలో ఉడుకుచున్నారు. మా బంధువుల బిడ్డకు తొలి పుట్టినరోజున పట్టణపు దుకాణమునుండి నైలాను వలతో పొంగిన గౌను తెచ్చిరి. వైశాఖమాసపు ఎండ. ఛాయాచిత్రము తీయునంతలో మెడయును చంకలును ఎఱ్ఱబారి, రాత్రికి చెమటకాయలు పొక్కెను. దీపముల దగ్గర అట్టి గౌను నిప్పంటినచో కరగి ఒంటి కంటుకొనును గూడను. ఛాయాచిత్రమున బిడ్డ ఏడ్చుచునే యున్నది.

అన్నియు ఇంటనే కుట్టుడని మేము చెప్పము. తెల్లవారకమునుపే పూలు కోసి గుడిమల్కాపురపు బజారునకు పంపు తల్లికి మధ్యాహ్నపు తీరిక ఎక్కడిది? ఆమె దారిలో కొనిన అంగీని ఒకసారి ఉతికి తొడిగినను చాలును. బడి దుస్తులు, చలిచొక్కాలు కొనుటయే చౌక. కాని మొదటి ఏడాది బిడ్డ 50 సెంటీమీటర్లనుండి ఇంచుమించు 75 వరకు పెరుగును. కొన్న అంగీ రెండునెలలకు పొట్టియగును. ఇంట కుట్టునప్పుడు క్రింద రెండంగుళముల మడత వేసి టాకాతో నిలిపినచో, దానిని విప్పుకొనుచు ఇంకొంతకాలము గడుపవచ్చును. ఆ మడతకై గుడ్డ నాలుగంగుళములు అదనముగా కొనవలెను. ఆడుబిడ్డకు, మగబిడ్డకు ఈ వయస్సున వేరు కత్తిరింపు లేదు. అన్న అంగీ చెల్లెలికి, అక్క అంగీ తమ్మునికి రావచ్చును.

మా కూతురు గర్భవతియై పుట్టింటికి వచ్చినప్పుడు మా తల్లిగారికి డెబ్బది దాటినది. చూపు ఆనదు. ఏడవమాసమున ఒకనాడు ఆమె మమ్ము పిలిచి, సూదిలో దారము ఎక్కించి యిమ్మనిరి. దేనికని మే మడుగలేదు. రెండు అంగీలు కుట్టిరి. కుట్లు వంకరగా పోయినవి, మెడ మాత్రము వదులుగానే యుంచిరి. అవి నాలుగు బిడ్డలకు తిరిగి యిప్పుడు మా పొరుగింట నున్నవి.

బిడ్డ విడిచిన అంగీలను బొత్తిగా ఆరిన తరువాత, ఎండిన వేపాకు ఒక గుడ్డలో మూటగట్టి నడుమ నుంచి దాచుడు. కలరాగోళీలు వేయకుడు, వాని ఆవిరి కొందరు పసివారికి రక్తము విఱుగునంతటి కీడు చేయును. లాగుల కత్తిరింపును గూర్చి వచ్చు మాసమున వ్రాసెదము.