పీఓపీ వచ్చా? సున్నం కూడా నేర్చుకోండి!

పెద్ద అంబర్‌పేట్‌లో కొత్త ఇళ్లకు పీఓపీ సీలింగ్ పని చేస్తున్నారా? ఒక్క ఆదివారం సంతోష్‌నగర్ వైపు వెళ్లి పైగా సమాధులు చూసి రండి. గోడల మీది ఆ పూలు, లతల నగిషీ సున్నపు గచ్చు పనే.

2019 మే నెలలో చార్మినార్ మినార్ నుంచి అలాంటి గచ్చు ముక్కే ఊడిపడింది. దాన్ని సిమెంట్‌తో అతికిస్తే తేమ లోపలే ఉండిపోయి పాత గోడ పాడవుతుంది. డంగు సున్నమే వాడాలి. కుతుబ్‌షాహీ సమాధుల మరమ్మతుల్లో మేస్త్రీలు పాత సిమెంట్ తీసేసి, సున్నం పూసింది అందుకే.

పీఓపీ నిమిషాల్లో బిగుస్తుంది. సున్నానికి ఓపిక కావాలి. గీత, కొలత, అచ్చు మీకు వచ్చు కదా, సగం పని వచ్చినట్టే! మిగతా సగం వీడియోలు చూస్తే రాదు, ఉస్తాద్ పక్కన నిలబడాల్సిందే. సీలింగ్‌కి రెడీమేడ్ ప్యానెళ్లు వచ్చేశాయి. మినార్ మీది పువ్వుకి మాత్రం మీ చెయ్యే కావాలి.