గొంతు లిజ్‌ది... పేరు బోనీ ఎం‌ది!

'డాడీ కూల్', 'రాస్‌పుటిన్' పాటలు మోగని కాలేజీ డే మా రోజుల్లో లేదు. ఇంగ్లీషు అర్థమైనా కాకపోయినా, క్యాసెట్ పెడితే చాలు, కాళ్లు ఊరుకునేవి కావు. ఆ పాటల బృందం 'బోనీ ఎం'. కవరు మీద తళతళలాడే బట్టల్లో ముగ్గురమ్మాయిలు, ఒకబ్బాయి. మరి పాడింది ఆ నలుగురేనా? కాదు!

ఆ బృందం పుట్టుకే ఓ తమాషా. 1975లో జర్మన్ నిర్మాత ఫ్రాంక్ ఫారియన్ ఒక డాన్సు పాటను తానే పాడి 'బోనీ ఎం' పేరుతో విడుదల చేశాడు. ఆస్ట్రేలియా టీవీ సీరియల్లోని డిటెక్టివ్ పేరు నచ్చి పెట్టుకున్నాడట. పాట బాగా నడిచింది. టీవీల వాళ్లు రమ్మన్నారు. చూపించడానికి మనుషులేరీ? అలా మోడల్ మేజీ విలియమ్స్, డాన్సర్ బాబీ ఫారెల్, జమైకాలో పుట్టిన గాయనులు మార్షా బారెట్, లిజ్ మిచెల్ వచ్చి చేరారు.

రికార్డుల్లో ఆడగొంతులు లిజ్, మార్షాలవి. ఎక్కువ పాటల్లో ముందుండేది లిజ్. మగగొంతు ఫారియన్‌ది. వేదిక మీద గంతులేసే బాబీ ఆ గొంతుకి పెదవులు కదిపేవాడంతే! 1978లో 'రివర్స్ ఆఫ్ బాబిలాన్' బ్రిటన్‌లో ఐదు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. అక్కడే 20 లక్షలకు పైగా అమ్ముడైంది. ఆ డిసెంబరులో మాస్కో కూడా పిలిచింది. 'రాస్‌పుటిన్' మాత్రం అక్కడ పాడలేదు.

"మన సినిమాల్లోనూ అంతేగా, పెదవులు హీరోయిన్‌వి, గొంతు సుశీలమ్మది" అంటారేమో. నిజమే. కానీ సుశీలమ్మ పేరు మనకు తెలుసు. ఆ గుర్తింపూ ఊరికే రాలేదండీ. 1949లో 'మహల్' పాట రికార్డు మీద గాయని పేరుకు బదులు 'కామిని' అని పాత్ర పేరు వేశారు. ఆ గొంతెవరిదని శ్రోతలు రేడియో వాళ్లనడిగాకే లతా మంగేష్కర్ పేరు బయటికొచ్చింది.

ఫారియన్ ఆ తర్వాత 'మిల్లీ వనిల్లీ' అనే జంటతోనూ ఇదే పని చేశాడు. ఈసారి గుట్టు రట్టయింది. 1990లో వాళ్ల గ్రామీ అవార్డును వెనక్కి తీసుకున్నారు. పరువు పోయింది వేదిక మీద నిలబడ్డ కుర్రాళ్లకే!

బోనీ ఎం 1986లో విడిపోయింది. తర్వాత ఎవరికి వారే ఆ పేరుతో బృందాలు కట్టుకుని ఊరూరా కచేరీలు చేశారు. అన్ని పాటలు పాడిన లిజ్ కూడా 'నేనే ఆ గొంతు' అని చెప్పుకోవలసి వచ్చింది. బాబీ 2010 డిసెంబరు 30న సెంట్ పీటర్స్‌బర్గ్‌లో కచేరీ చేసిన మర్నాడు హోటల్ గదిలో శవమై కనిపించాడు. ఫారియన్ 2024లో కన్నుమూశాడు.

ఈ కథ మనకెందుకంటారా? బొటిక్ బోర్డు ఒకరిది, కుట్టే చేతులు మరొకరివి. పచ్చడి సీసా మీద కంపెనీ పేరు, కలిపిన చెయ్యి ఏ అత్తయ్యదో! జీతం ఎంతని అడుగుతాం సరే. పని మీద మన పేరు ఉంటుందా అని కూడా మొదటిరోజే అడుగుదాం. ఈసారి పెళ్లిలో డీజే 'డాడీ కూల్' వేస్తే పక్కనున్న పిల్లలకు చెప్పండి... పాడుతున్న ఆవిడ పేరు లిజ్ మిచెల్ అని.