బండి కప్పుపై రేడియో ఏరియల్ : పీఠము గట్టిగా నున్ననే మాట దూరము పోవును

1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనను కోస్తా గ్రామముల పెద్దలు నేటికిని మరువలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినప్పుడు కరెంటు స్తంభములు ఒరిగినవి, సెల్‌ఫోనులు మూగవోయినవి. ఇట్టి వేళ ఊరిలో ఎందరు చిక్కుకొనిరి, ఎవరికి వైద్యము కావలెను, ఏ గట్టు తెగినది అను వార్త బయటి కందుటయే మొదటి సహాయము.

ఈ పనికి పనికివచ్చు సాధనములలో ఔత్సాహిక రేడియో, అనగా హ్యాం రేడియో, ఒకటి. దీనికి టవరు అక్కరలేదు. బ్యాటరీ, రేడియో పెట్టె, ఏరియల్ ఉన్న చాలును. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన నాడు శ్రీమతి భారతీ ప్రసాద్ నాయకత్వమున అండమాన్‌లో నున్న హ్యాం బృందము పోర్టుబ్లెయిరు నుండి వార్తలు పంపినది. మన హైదరాబాదులో 1983లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఈ విద్యలో శిక్షణ నిచ్చుచున్నది. పరీక్షలో ఉత్తీర్ణులై కేంద్ర ప్రభుత్వపు లైసెన్సు పొందినవారే దీనిపై ప్రసారము చేయవలెను. లైసెన్సు లేనివారు చేయుట నేరము.

తుపాను తరువాత ఈ రేడియో తరచుగా వ్యానులోనో, జీపులోనో గ్రామమునకు వచ్చును. వేలు పోసి కొన్న పెట్టె మంచిదే. బ్యాటరీ నిండుగ నున్నది. అయినను మాట పది మైళ్లు పోదు. కారణము వెదకిన, పెక్కుసార్లు అది కప్పుపైనున్న ఏరియల్ పీఠములో కనబడును. పీఠమనగా కడ్డీని నిలబెట్టు మేకు మాత్రమే కాదు. అది ఏరియల్‌లో ఒక భాగము. ఈ ఒక్క సంగతి గ్రహించినచో తక్కిన దంతయు సులభమే.

కప్పు రేకు ఎందుకు ముఖ్యము?

హ్యాంలు దగ్గరి దూరములకు వాడు తరంగములు మన దేశమున 144 నుండి 146 మెగాహెర్ట్‌జుల మధ్య నుండును. వాటి పొడవు సుమారు 2 మీటర్లు. అందులో నాలుగవ వంతు, అనగా సుమారు 49 సెంటీమీటర్ల కడ్డీ, ఏరియల్‌గా చాలును. కాని ఈ కడ్డీ సగమే. రెండవ సగము దాని క్రిందనున్న లోహపు కప్పు. అద్దములో ప్రతిబింబమువలె కప్పు రేకు ఆ లోటును పూరించును. కావున కడ్డీని కప్పు అంచున కాక నడుమ నిలుపవలెను. చుట్టును కనీసము అర మీటరు రేకు ఉండవలెను.

ఇనుప కప్పు గల జీపునకు చిక్కు లేదు. అమెరికాలో వంటయిల్లు, పడకలు గల మోటారు ఇండ్ల కప్పులు పెక్కు ఫైబర్‌గ్లాసువి. వాటిపై ఏరియల్ బిగించిన వారి కష్టమే మన ఫైబరు కప్పు వ్యానులకును, టార్పాలిను కప్పిన బండ్లకును కలుగును. ఇట్టి కప్పు క్రింద లోహము లేదు. ఉపాయ మేమనగా, మీటరు చదరపు అల్యూమినియము రేకును కప్పునకు బిగించి, దాని నడుమ పీఠము నిలుపవలెను. రేకు దొరకనిచో, పీఠము నుండి నాలుగు దిక్కులకు 50 సెంటీమీటర్ల చొప్పున నాలుగు తీగలు పరచి బిగింపవచ్చును.

పీఠము బిగించు విధము

మొదట, బలము. గాలి వేగము రెట్టింపైన దాని తోపుడు నాలుగు రెట్లగును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండికి అంతే వేగపు ఎదురుగాలి తగిలిన, కడ్డీకి 120 కిలోమీటర్ల గాలి తగిలినట్లే. పలుచని రేకుపై ఒక్క బోల్టు ఈ ఊపునకు నిలువదు. రంధ్రము పెద్దదై చీలును. కప్పు పైన ఒకటి, లోపల ఒకటి, అరచేతి వెడల్పునకు తక్కువ కాని గట్టి పలకలు పెట్టి నాలుగు బోల్టులతో బిగింపవలెను. అయస్కాంతపు పీఠము తాత్కాలికమునకే తగును. అల్యూమినియము, ఫైబరు కప్పులను అది అంటుకొనదు.

రెండవది, లోహ సంబంధము. రంగు విద్యుత్తును అడ్డును. లోపలి పలక తగులు చోట రంగు గీకి, పండ్ల వాషరు పెట్టి బిగింపవలెను. వాన తగులని లోపలి వైపున ఈ సంబంధము చేసిన తుప్పు పట్టదు. సముద్రపు ఉప్పుగాలి తగులు గ్రామములలో తుప్పు పట్టని ఉక్కు బోల్టులే వాడవలెను.

మూడవది, నీరు. పై పలక క్రింద రబ్బరు పరచి, అంచుల వెంట సిలికాను పూయవలెను. కేబులు కప్పులోనికి దూరుటకు ముందు దానిని క్రిందికి ఒక చుట్టు వ్రేలాడదీసిన, నీరు ఆ చుట్టు నుండి జారిపోవును. సన్నని కేబులు ఐదు మీటర్ల పొడవులోనే ప్రసార శక్తిలో సుమారు ఐదవ వంతు మ్రింగును. కావున కేబులు పొట్టిగా నుండవలెను.

పని ముగిసిన తరువాత లైసెన్సు గల హ్యాం కొలమానముతో పరీక్షింపవలెను. ఎస్.డబ్ల్యూ.ఆర్. అను సంఖ్య 1.5 లోపు నున్న మేలు. అది 3 అయినచో శక్తిలో నాలుగవ వంతు వెనుకకు తిరిగివచ్చును.

ప్రాణభయము గల చోటు

రోడ్డు దాటు 11 కిలోవోల్టుల తీగలు నియమము ప్రకారము 6.1 మీటర్ల ఎత్తున నుండవలెను. తుపాను తరువాత ఆ తీగలు వ్రేలాడుచుండును. కడ్డీ తగిలిన బండి యంతయు విద్యుత్ మయమగును. కావున కడ్డీని పడుకోబెట్టుటకు వీలుగ కీలు గల పీఠము మేలు. బండి కదలు ముందు కడ్డీ దించవలెను. తీగల క్రింద, చెట్ల క్రింద బండి నిలుపరాదు. ఉరుములు మెరుపులు రాకముందే కేబులు ఊడదీసి, ఏరియల్‌కు దూరముగ నుండవలెను. ప్రసారమగునప్పుడు పిల్లలను కడ్డీ ముట్టనీయరాదు.

పంచాయతీ చేయదగినది

ఈ పనికి పంచాయతీ రేడియో కొననక్కరలేదు. సమీపమున లైసెన్సు గల హ్యాం ఎవరో విచారించి వారి పేరు పంచాయతీ కార్యాలయమున వ్రాసి యుంచవలెను. తీగలు, చెట్లు లేని మెరక స్థలమొకటి బండి కొరకు ముందే నిర్ణయింపవలెను. ఊరి వెల్డింగు పనివానికి పై పద్ధతి చెప్పి ఒక పీఠము చేయింపవచ్చును. బంగాళాఖాతమున తుపానులు వేసవి చివరను, అక్టోబరు నుండి డిసెంబరు వరకును హెచ్చు. ఈ రెండు కాలములకు ముందు బోల్టులు బిగించి, తుప్పు చూచి, ఒకసారి మాటలాడి చూడవలెను.

గాలివాన నాడు బోల్టు వెదకుట కష్టము. ఎండ కాయు నాడు అదే బోల్టును బిగించుట పావుగంట పని. ఆ పావుగంటను ముందే వెచ్చించిన గ్రామము, ఆపద వేళ తన మాటను తాను వినిపించుకొనగలదు.