మీకు తెలుసా? పత్తిగింజయు కాన్సరు పరీక్షయు
రాయచూరు మార్కెట్టుకు తరలివచ్చు పత్తి గింజలలో, పురుగులబారినుండి మొక్కను కాపాడు గాసిపాల్ అను పసుపుపచ్చని ద్రవ్యము గలదు. కాన్సరు కణముల వ్యాప్తిని ఇది అరికట్టునా యని తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు, తెల్లరక్తకణముల చలనమును పరిశీలించుటకై 1962లో స్టీఫెన్ బోయ్డెన్ ప్రకటించిన విధానము ననుసరించి, రెండు అరల నడుమ మిల్లీమీటరులో వెయ్యింట 8 వంతుల రంధ్రములుగల పొరను అమర్చి, దానిపై జిగురుపదార్థమును పూసి, పై అరలో గాసిపాల్ తగిలిన కాన్సరు కణములను, క్రింది అరలో వానిని ఆకర్షించు పోషకద్రవమును ఉంచి, ఆవలికి దాటిన కణములకు రంగు పట్టించి సూక్ష్మదర్శినితో లెక్కింతురు. ప్రొస్టేటు కాన్సరు కణముల చొరబాటు గాసిపాల్ వలన తగ్గినట్లు ప్రయోగశాలలో తేలినది. ఐనను అది ఔషధమగుటకు జంతువులపైనను, రోగులపైనను జరుగు పరీక్షలలో నెగ్గవలెను. గాసిపాల్ విషద్రవ్యము గనుక పత్తిగింజలను మందని తినుట ప్రమాదకరము.