పాట వెనుక చప్పుడు

పాట చక్కగా వచ్చింది. శ్రుతి తప్పలేదు, తాళం తప్పలేదు. ఇంటిల్లిపాదీ మెచ్చుకొన్నారు. తీరా రికార్డు చేసినది వినబోతే, గొంతు ఆగిన చోటల్లా సన్నగా ‘టిక్, టిక్’ మని వినిపిస్తున్నది! ఈ దొంగ ఎక్కడినుంచి వచ్చాడు?

పాడిన అమ్మాయి చెవుల దగ్గరనుంచే వచ్చాడు.

ఒకప్పుడు మద్రాసు స్టూడియోలలో గాయకులూ, వాద్యబృందమూ ఒక్కసారే పాడి వాయించేవారు. ఒకరు తప్పితే అందరూ మళ్ళీ మొదటికి రావలసిందే. ఇప్పుడు చాలావరకు వాద్యాలను ముందే రికార్డు చేసి వుంచుతారు. గాయని వాటినీ, తాళపు చప్పుడునూ హెడ్‌ఫోన్లలో వింటూ పాడుతుంది. ఆ చప్పుడు బయటికి కారితే, ఎదురుగా జానెడు దూరంలో వున్న మైకు వూరుకొంటుందా? అదీ పట్టేస్తుంది. పాలలో కలిసిన నీళ్ళను వేరుచేయటం హంసకే చెల్లు. నేటి యంత్రాలు కొంత తుడిచినా, ఆ తుడుపులో గొంతులోని జీవం కూడా కొంత పోవచ్చు.

అందుకే హెడ్‌ఫోన్లలో రెండు జాతులున్నాయని తెలుసుకోవాలి. వెనుక జల్లెడవంటి కన్నాలున్నవి ఒక జాతి. సెన్‌హైజర్ హెచ్‌డి 600 అటువంటిది. తీరిగ్గా పాట మెరుగులు దిద్దుకోవటానికి అవి హాయిగా వుంటాయి. మైకు ముందు మాత్రం పనికిరావు. అక్కడ వెనుక మూసివున్నవే కావాలి. 1991లో వచ్చిన సోనీ ఎమ్‌డిఆర్-7506, బేయర్‌డైనమిక్ డిటి 770 ప్రో, 2014లో వచ్చిన ఆడియో-టెక్నికా ఎటిహెచ్-ఎమ్50ఎక్స్ ఈ జాతివే.

పేరు చూసి కొనేస్తే చాలదు. తగిలించుకొని, తాళం చప్పుడు పెట్టి, నోరు మెదపకుండా ఒక నిమిషం రికార్డు చేయండి. తరువాత వినండి. ‘టిక్, టిక్’ పట్టుబడిందంటే చెవిమెత్తలు సరిగా ఆనటం లేదన్నమాట. కళ్ళజోడు కాడ, దట్టమైన జుట్టు కూడా సందు చేస్తాయి. కాబట్టి కళ్ళజోడు వాడేవారు దానితోనే పరీక్షించాలి.

డిటి 770 ప్రోలో 32, 80, 250 ఓముల రకాలున్నాయి. 250 ఓములది సెల్‌ఫోనుకు తగిలిస్తే నీరసంగా పలుకుతుంది. తీగలేని బ్లూటూత్ వాటిలో శబ్దం కొంచెం ఆలస్యంగా అందుతుంది. ఆ కొంచెమే తాళాన్ని చెడగొడుతుంది. ఇక, తన గొంతు తనకు వినబడాలని ఒక గిన్నెను చెవినుంచి తప్పించి పాడేవారున్నారు. అటువంటివారు ఆ పక్క శబ్దాన్ని ఆపివేయటం మంచిది.

చివరగా అసలు మాట. చప్పుడు బయటికి రావటంలేదు గదా అని హోరు పెంచకండి. పెద్దవారికి 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. 3 డెసిబెల్స్ పెరిగితే ఆ గడువు సగమవుతుంది. బొంగురుపోయిన గొంతు నాలుగు రోజులు విశ్రాంతి ఇస్తే తేరుకోవచ్చు. లోపలి చెవిలో చచ్చిన కణాలు మాత్రం మళ్ళీ పుట్టవు. పాట ఈసారి కుదరకపోతే రేపు పాడుకోవచ్చు. రేపు పాడాలంటే చెవులుండాలి గదా!